సెప్టిక్ ట్యాంక్ బండ్ల రివ్యూ: గుంజుడు సరే, పోసుడు ఏడ?

ముందే చెప్తున్న, తినుకుంట చదవకుండ్రి, ఇది సెప్టిక్ ట్యాంక్ క్లీన్ చేసే బండ్ల మీద రివ్యూ. బిర్యానీ సెంటర్‌కు వందల రివ్యూలు ఉంటయి గాని దీనికి ఒక్కటి దొరకది, ప్రతి ఇంట్ల ట్యాంక్ ఉంటది, ప్రతోనికి ఎప్పుడో ఒకప్పుడు బండి అవసరం పడ్తది, అయినా ఎవ్వరు రాయరు, సిగ్గో ఏందో. మాది నల్లగొండకు దగ్గర చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు రాస్తలేను ఎందుకంటే మొదటి బండి ఓనరు మా గల్లీల సగం మందికి చుట్టం, రేపు ఏదో ఒక దావతుల ఎదురుపడక తప్పదు. రెండు బండ్లు చూసినం, మొదటి దానికి 1 స్టార్, రెండో దానికి 4 స్టార్లు. మొదటోళ్లకు ఆ ఒక్క స్టార్ గూడ ఫోన్ ఎత్తినందుకే.

మేం కింద కిరాయికి ఉంటం, పైన ఓనర్ సారు వాళ్లు ఉంటరు. బతుకమ్మ పండుగకు ముందు బాత్రూంల నీళ్లు పోవుడు లేటయింది, నల్ల ఇప్పితే జాలీ కాడ గుడగుడ సప్పుడు, పొద్దుగాల లేస్తే ఇల్లంత కంపు. ఇంటికి ఆడబిడ్డలు వచ్చే టైమ్ అది. ఓనర్ సారు కరెంటు పోల్ మీద నెంబర్ చూసి ఫోన్ కొట్టిండు. మీకు తెల్వనిది కాదు, పోల్ల మీద, గోడల మీద, ఆఖరికి బస్టాండ్ గోడ మీద గూడ ఎర్ర పెయింట్‌తోని సెప్టిక్ ట్యాంక్ క్లీనింగ్ అని నెంబర్ కొట్టి ఉంటది.

వాళ్లు పగలు రామన్నరు, రాత్రి 10 దాటినంకనే అన్నరు. అప్పుడే డౌట్ రావాలె ఎవరికైనా. ట్రాక్టర్‌కు తగిలించిన నీలం ట్యాంకు, రేటు 2,500. ఇద్దరు పోరగాండ్లు వచ్చిన్రు, కాళ్లకు చెప్పులు, చేతులకు గ్లౌజుల్లేవు. గడ్డపారతోని మూత లేపి పైపు ఏసిన్రు, అరగంటల ఖతం. అందుల ఒక పోరడు సెల్‌ఫోన్ లైట్ పట్టుకోని తల లోపలికి పెట్టి చూస్తున్నడు, నాకు పాణం పోయినంత పనైంది, ఆ గుంతల మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ అని గ్యాసులు నిండి ఉంటయి, రెండు దమ్ములు పీలిస్తే మనిషి పడిపోతడు, ప్రతి ఏడు పేపర్లల్ల చదువుతనే ఉంటం. తమ్మీ బయటికి రా అంటే నవ్విండు. మనుషుల్ని రక్షణ సామాన్లు లేకుండ సెప్టిక్ ట్యాంకులల్ల దింపొద్దని 2013ల చట్టమే వచ్చింది, సచ్చిపోతే కుటుంబానికి 30 లక్షలు ఇయ్యాలని సుప్రీంకోర్టు 2023ల చెప్పింది. అవన్ని ఈ రాత్రి బండ్ల కాడికి చేరినట్టు లేవు.

ఇంకోటి, ట్యాంకుకు రెండు గదులుంటయి కద, వాళ్లు మొదటి గది మూతనే తీసిన్రు. పైనున్న నీళ్లు గుంజంగనే వాళ్ల ట్యాంకు నిండింది, అడుగున గట్టిగ పేరుకున్న బురద అట్లనే ఉంది. అసలు గుంజాల్సింది ఆ బురదనే. ఏడ పోస్తరు తమ్మీ అంటే, ఊరి బయట పొలాలల్ల అన్నా, రైతులే అడుగుతరు అన్నడు. పైసలు తీస్కోని పోయిన్రు. కొన్ని వారాలకే మళ్ల అదే గుడగుడ.

ఇంతవరకైతే మామూలు చెడ్డ సర్వీసు, 2 స్టార్లు ఇచ్చి ఊకుందును. 1 స్టార్ ఎందుకంటే, మా మేనమామ చేపల సొసైటీల ఉన్నడు, పెద్ద చెరువు మీద వాళ్లకు హక్కు. తెల్లారక ముందే వలలు చూసుకోడానికి కట్ట దిక్కు పోతడు. ఒకరోజు ఫోన్ చేసి, అల్లుడా మీ గల్లీలకు నీలం ట్యాంకు ట్రాక్టర్ వచ్చిందా అని అడిగిండు. అవును మామా అన్న. ఆ ట్రాక్టర్ చెరువుకొచ్చే వాగు మీద కల్వర్టు కాడ ఆగి పైపు ఇప్పుతదంట, ఆయన ఒకటికి రెండుసార్లు కండ్లార చూసిండంట, టార్చ్ ఏస్తే లైట్లు బంద్ చేసి పోయిన్రంట. పొలం లేదు రైతు లేడు. మన ఇల్లు ఊడ్చి చెత్త పక్కింటోళ్ల వాకిట్ల పోసినట్టు ఉంది కథ, కాకపోతే ఇక్కడ పక్కిల్లు అంటే ఊరందరి చెరువు.

ఆయన చెప్పిన దాంట్ల ఒక ముచ్చట నాకు మస్తు గుర్తుండిపోయింది. నీళ్లు ఖరాబైనయని ఎట్ల తెలుస్తది మామా అంటే, తెల్లారంగ చూడు అన్నడు. ఇట్లాంటి మురికి పడితే దాన్ని తినే సూక్ష్మజీవులు నీళ్లల్ల ఉన్న ఆక్సిజన్ మొత్తం వాడుకుంటయి, రాత్రి పూట నాచు, మొక్కలు గూడ ఆక్సిజన్ ఇయ్యవు సరికద అవే పీల్చుకుంటయి, అందుకే తెల్లారేసరికి నీళ్లల్ల గాలి తక్కువైపోయి బొచ్చెలు, రవ్వలు మీదికొచ్చి నోర్లు తెరుచుకోని తిరుగుతయి. ఎండెక్కితే మళ్ల కిందికి పోతయి, లేకుంటే సచ్చి తేలుతయి. కొర్రమట్టలు మాత్రం బతుకుతయి, అవి నీళ్ల మీదికొచ్చి మనలెక్కనే గాలి పీల్చుకోగలవు. చెరువుల వలకు కొర్రమట్టలే ఎక్కువ వస్తున్నయంటే సంబరపడొద్దు అల్లుడా, మిగతావి పోతున్నయని అర్థం అన్నడు. ఇక గుర్రపుడెక్క సంగతి చెప్పే పని లేదు, మనం పంపే నత్రజని, భాస్వరమే దానికి ఎరువు, ఒక మూలకు మొదలైతే నెలలల్లనే నీళ్లు కనపడవు, దాని కింద ఎండ సోకక లోపలి చెరువు ఇంకింత సస్తది.

నాకు ఎక్కడ మండిందంటే, మూసీ గురించి మనం ఎంత మాట్లాడుతం. హైదరాబాదోళ్లు వాళ్ల మురికంత మూసీల కలిపి మన నల్లగొండ, సూర్యాపేట దిక్కు పంపుతున్నరు, నురుగు నీళ్లతోని వ్యవసాయం చేస్తున్నం అని నేను గూడ చాయ్ హోటల్ కాడ గంటలు గంటలు తిట్టినోన్నే. మన చెరువుకు మనమే రాత్రిపూట ట్రాక్టర్లు పెట్టి అదే పని చేస్తున్నం. 2015ల మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువులల్ల పూడిక తీసి ట్రాక్టర్లకు ట్రాక్టర్లు మట్టి పొలాలకు తోలుకున్నరు, ఇప్పుడు అదే రోడ్ల మీద ట్రాక్టర్లు ఎదురు దిక్కు పోతున్నయి, లోడు వేరే. పానగల్లు ఉదయ సముద్రం చూడుండ్రి, కందూరు చోళుల కాలంల కట్టింది, అంటే ఎనిమిది తొమ్మిది వందల ఏండ్ల కిందటి చెరువు, ఇప్పటికీ నీళ్లు ఉన్నయి, ఇయ్యాల సాగర్ దిక్కు నుంచి కృష్ణ నీళ్లొచ్చి అండ్ల పడుతున్నయి. అట్లాంటియి కట్టిన జిల్లాల మనం ఉన్నం మరి.

సరే రెండో బండి సంగతికొస్త. ఈసారి ఓనర్ సారును ఆపి నేనే మున్సిపల్ ఆఫీసుకు పోయిన, శానిటేషన్ సెక్షన్ల అడిగితే లైసెన్స్ ఉన్న బండ్ల లిస్టు గోడకు అంటిచ్చే ఉంది. ఇన్నేండ్ల సంది ఉందంట, ఎవ్వరు అడగరంట, అందరు పోల్ మీద నెంబర్‌కే కొడ్తరంట. లిస్టులున్న మొదటి నెంబర్ స్విచాఫ్, రెండోది కలిసింది. రేటు 3,200, అంటే 700 ఎక్కువ. ఓనర్ సారు మొఖం మాడ్చిండు గాని, పక్క రెండిండ్లోళ్లు గూడ చేయించుకుంటమంటే ఒకటే గల్లీ కాబట్టి ఇంటికి 2,900 చొప్పున ఒప్పుకున్నరు. ఇది అందరు చేయొచ్చు, గల్లీల కలిసి బుక్ చేస్తే వాళ్లకు డీజిల్ కలిసొస్తది, మనకు రేటు తగ్గుతది.

చెప్పిన రోజు రాలేదు. రెండు రోజులు లేటు, ఫోన్ చేస్తే బండి రిపేర్ల ఉంది సార్ అన్నరు. ఒక స్టార్ ఇక్కడ్నే కట్. కాని వచ్చినంక పని చూస్తే మాత్రం నాకు నచ్చింది. పట్టపగలు 11 గంటలకు లారీ వచ్చింది, మీద లైసెన్స్ నెంబర్ రాసి ఉంది. డ్రైవరన్న, ఇంకొకాయన, ఇద్దరికి మోకాళ్ల దాక బూట్లు, మోచేతుల దాక గ్లౌజులు, మాస్కులు. రెండు మూతలు తీసి, పోరగాండ్లను దూరం జరపమని, కొంచెంసేపు గాలాడనిచ్చిన్రు, బీడీ తాగే ముసలాయన ఒకాయన నిలబడితే తాతా ఆర్పేయి, గ్యాస్ అంటుకుంటది అని పంపించిన్రు. తర్వాత ఒక పొడుగు కట్టె తీసిండు, దాని చివరకు తెల్లబట్ట చుట్టి ఉంది, అడుగుదాక దించి మెల్లగ పైకి గుంజిండు. బట్ట మీద నల్లగ ఎంతవరకు అంటిందో చూపెట్టి, ఇది బురద సార్, ట్యాంకుల మూడొంతులల్ల ఒక వంతు బురద అయిందంటే తీయించాలె, మీది సగం దాటింది అన్నడు. మొదటోళ్లు వచ్చి పోయినంక గూడ సగం దాటింది చూడుండ్రి, 2,500 పెట్టి గుంజిపిచ్చింది ఉత్త నీళ్లు.

నీళ్లు ఫోర్సుగ కొట్టి అడుగు బురదను కలిపి గుంజిన్రు, రెండు గదులు. మనిషి దిగలే, తల గూడ పెట్టలే. పూర్తిగ కడిగి తోమమని మా ఓనర్ సారు అడిగితే, వద్దు సార్, కొంచెం బురద ఉండాలె, అండ్ల బ్యాక్టీరియా ఉంటది, అదే మళ్ల పని మొదలుపెడ్తది అన్నడు. ఇది నాకు కొత్త ముచ్చట. అయినంక చీటీ ఇచ్చిన్రు, ఇంటి నెంబరు, ఎన్ని లీటర్లు, టైము, బురద శుద్ధి చేసే ఏ ప్లాంటుకు పోతదో అన్ని ఉన్నయి, ఆ చీటీ మూడో ముక్క ప్లాంటు కాడ ఇయ్యాలంట.

నేను ఊకునే రకం కాదు, బైకేసుకోని బండెనక పోయిన. నిజంగనే ప్లాంటుకే పోయింది. ఊరు దాటినంక డంపింగ్ యార్డు పక్కన ఉంది, చూడనిస్తరా అంటే నవ్వి రమ్మన్నరు, ఇది చూడనీకి వచ్చినోళ్లు ఎవరున్నరు సార్ అని. లారీ పైపు ఒక తొట్టికి పెడితే ముందుగాల ఇనుప జాలి ఉంది, ఆ జాలి మీద ఏం ఆగిందో చూస్తే మీకు అర్థమైతది మనం ఏమేం ఫ్లష్ చేస్తున్నమో: శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు, షాంపూ ప్యాకెట్లు, గుట్కా ప్యాకెట్లు, ఒక టూత్ బ్రష్షు, ముఖం తుడుచుకునే తడి బట్టలు. ఆ తర్వాత బురద ఇసుక, కంకర పరిచిన తొట్లల్లకు పోతది, నీళ్లు కిందికి దిగుతయి, పైన బురద ఎండుతది. ఎండినదాన్ని తీసి కుప్ప పోసిన్రు, నల్లగ పొడిగ ఉంది, దగ్గరికి పోయి చూస్తే మట్టి వాసన తప్ప ఏం లేదు. దిగిన నీళ్లను ఇంకో రెండు తొట్లల్ల శుద్ధి చేసి అక్కడి చెట్లకే పెడుతున్నరు. మీరు గూడ ఒకసారి పోయి చూడుండ్రి, టికెట్ లేదు.

డ్రైవరన్న చాయ్ తాగుకుంట చెప్పిన ముచ్చట్లు రాస్త, ఎందుకంటే బండి వచ్చిపోయినంక మన చేతుల ఉండేది ఇదే. బాత్రూం తెల్లగ మెరవాలని యాసిడ్ సీసాలు గుమ్మరిస్తరు కద, ఆ యాసిడ్ ట్యాంకులకు పోయి బురదను కరిగించే బ్యాక్టీరియాను సంపుతది, అప్పుడు ట్యాంకు తొందరగ నిండుతది, బయటికి పోయే నీళ్లు గూడ పచ్చి మురికే పోతది. బ్రష్షు పెట్టి రుద్దితే తక్కువ యాసిడ్‌తోని పని అయితది, మా ఇంటామె ఇప్పుడు బట్టల సోడా, నిమ్మ ఉప్పు వాడుతుంది, టైల్స్ ఏం పాడు కాలే. వంట నూనె సింకుల పోయొద్దు, పైన గడ్డ కట్టి పైపులు మూసుకుంటయి. ప్యాడ్లు, డైపర్లు కాగితంల చుట్టి చెత్త బండికి వేరే సంచిల ఇయ్యాలె. నిండినప్పుడు చూద్దాం అనుకుంట పదేండ్లు ఆగొద్దు, కేంద్ర ప్రభుత్వ గైడ్‌లైన్లల్ల గూడ 2, 3 ఏండ్లకోసారి తీయించమనే ఉంది.

అన్నిటికన్న పెద్ద మాట ఇంకొకటి చెప్పిండు. ట్యాంకు నుంచి బయటికి పోయే పైపు ఏడికి పోతుందో మీకు తెలుసా సార్ అని. మాకు తెల్వదు. పోయి చూస్తే తిన్నగ మోరిలకే పెట్టిన్రు, మోరి పోయి వాగుల, వాగు పోయి చెరువుల. అంటే నీలం ట్రాక్టర్ రాత్రి పూట చేసే పనిని మా ఇల్లు రోజు కొంచెం కొంచెం చేస్తనే ఉంది. మా ఒక్కరిదే కాదు, గల్లీల అందరిది అదే కథ, ఇల్లు కట్టిచ్చేటప్పుడు మేస్త్రీ జాగ లేదని, ఖర్చని మోరికి కలిపేస్తడు. అసలైతే ఆ నీళ్లు ఇంకుడు గుంతల పడాలె, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఇసుకతోని. బోరు బావికి మాత్రం దూరంగ ఉండాలె, పక్కనే తవ్వితే బోరు నీళ్లల్ల నైట్రేట్ చేరుతది. మన నల్లగొండ బోర్లల్ల ఫ్లోరైడ్ ఉన్నది చాలదా, ఇదొకటి ఎందుకు. ఓనర్ సారును ఒప్పియ్యనీకి మస్తు టైమ్ పట్టింది, సంక్రాంతి తర్వాత తవ్విస్త అన్నడు, చూడాలె.

ఇక తిట్లు గూడ రాయాలె, 4 స్టార్లు ఊకెనే ఇయ్యలే. లేటు సంగతి చెప్పిన. మూతలు పెట్టిన్రు గాని సందులకు సిమెంటు పెట్టలే, అది మీరే పెట్టుకోవాలె సార్ అని పోయిన్రు, రెండు రోజులు దోమలు, కంపు. పైసలు ఫోన్‌పే వద్దు క్యాషే ఇయ్యమన్నరు, చీటీ ఇచ్చేటోళ్లకు ఫోన్‌పేకు ఏం రోగం. చాయ్ పైసలు అని 100 అడిగిన్రు, ఆ పనికి అది ఇయ్యొచ్చు, నేనైతే సంతోషంగనే ఇచ్చిన, మీ ఇష్టం. వాకిట్ల పైపు నుంచి కొంచెం కారింది, వాళ్లే నీళ్లు కొట్టి బ్లీచింగ్ పౌడర్ చల్లిన్రు, పర్వాలేదు.

మొదటి బండోళ్ల సంగతి ఏమైందంటే, మామ వాళ్ల సొసైటీ తరఫున మున్సిపాలిటీల రాసిచ్చిన్రు. చెరువులల్ల, వాగులల్ల మురికి కలుపొద్దని 1974ల వచ్చిన నీటి కాలుష్య చట్టంలనే ఉంది, కొత్తగ ఏం అడుగుతలేరు. ఒకసారి ఆ ట్రాక్టర్‌ను పట్టుకోని ఫైన్ ఏసిన్రని విన్న, మళ్ల తిరుగుతుందని గూడ విన్న. వాళ్లను మనం తిట్టినా, రేటు తక్కువని పిలిచేది మనమే, పొద్దున వేరేటోళ్లు పిలిస్తే రాత్రికి కల్వర్టు కాడ ఉంటరు. అందుకే ఎవరిని పిలిచినా ఫోన్లనే అడుగుండ్రి, ఏడ పోస్తరు, చీటీ ఇస్తరా, పగలు వస్తరా అని. పొలాలల్ల అని జవాబు వస్తే ఫోన్ పెట్టేయుండ్రి. రాత్రికే వస్తం అన్నా అంతే. మా గల్లీ గ్రూపుల నేను లిస్టు ఫోటో పెట్టిన, ఇప్పటికి ఇంకో నాలుగైదు ఇండ్లోళ్లు రెండో బండోళ్లనే పిలిపిచ్చుకున్నరు.

సద్దుల బతుకమ్మ నాడు చెరువు కట్ట మీద లైట్లు పెడ్తరు, మైకులు పెడ్తరు, ఎమ్మెల్యే వస్తడు, ఆడోళ్లు తంగేడు, గునుగు పూలు పట్టుకోని పాదాలదాక నీళ్లల్లకు దిగుతరు. వినాయకునికి మట్టి గణపతి అని ఈ మధ్య చాలామంది మారిన్రు, మంచిదే, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలు వద్దని 2020ల పొల్యూషన్ బోర్డు కూడా చెప్పింది. కాని మట్టి గణపతిని పెట్టిన ఇంటోళ్లే ఇంటి ఎనుక పైపు మోరికి కలిపితే ఆ ఒక్క రోజు భక్తి మిగతా ఏడాదికి సరిపోదు, మా ఓనర్ సారుకు ఇదే చెప్పిన, కోపమొచ్చింది గాని మళ్ల నవ్విండు.

బుక్ చేసుకునేటోళ్లకు చివరగ కొన్ని. లారీ ట్యాంకు 4,000 లీటర్లది, మీ ట్యాంకు పెద్దదైతే రెండు లోడ్లకు పైసలు అడుగుతరు, ముందే మాట్లాడుకోండ్రి. మూత మీద గచ్చు చేపిస్తే వాళ్లొచ్చే ముందే మేస్త్రీని పిలిచి కొట్టించి పెట్టుకోవాలె, పగలగొట్టుడు వాళ్ల పని కాదంటరు. వానాకాలంల పిలవకుండ్రి, ప్లాంటుల బురద ఎండక వాళ్లు గూడ లేటు చేస్తరు, ఎండాకాలం బెస్టు. వాళ్ల పైపు 30 మీటర్లే ఉంది, మీ ఇల్లు గల్లీల లోపలికి ఉండి లారీ రాకపోతే ఫోన్లనే చెప్పుండ్రి, అదనపు పైపు వేరే బండిల ఉంటదంట, చెప్పకపోతే వచ్చి చూసి ఎనుకకు పోతరు, మా పక్కింటోళ్లకు అట్లనే అయింది.